చిన్నపిల్లల్లో బ్రెయిన్ ట్యూమర్ లక్షణాలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డలో ఏదో మార్పు కనిపించి, ఫోనులో వెతికి, టెన్షన్ పడుతూ ఈ పేజీ దాకా వచ్చారేమో. ముందుగా ఒక మాట. కింద రాసిన లక్షణాల్లో దాదాపు ప్రతిదానికీ ట్యూమర్ కాని మామూలు కారణాలే చాలా ఎక్కువ. అందుకని ఒక్క లక్షణాన్ని పట్టుకుని భయపడకండి. అది ఎన్నాళ్ళుగా ఉంది, దానికి తోడు ఇంకేమైనా వచ్చిందా, నిన్నటిదాకా చేసిన పని ఏదైనా బిడ్డ ఇవాళ చేయలేకపోతోందా అన్న మూడు సంగతులు చూడండి. డాక్టరుకు కూడా అన్నిటికంటే పనికొచ్చేవి ఈ మూడే.

పిల్లలకు బ్రెయిన్ ట్యూమర్ రావడం ఎంత అరుదు?

చాలా అరుదు. తలనొప్పితో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళే పిల్లల్లో అత్యధికులకు ట్యూమర్ ఉండదు. కానీ పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో రక్త క్యాన్సర్ తర్వాతి స్థానం మెదడు, వెన్నుపాము ట్యూమర్లదే. గడ్డ రూపంలో వచ్చేవాటిలో అయితే ఇవే మొదటివి. అరుదైనది కావడం వల్లే అసలు చిక్కు వస్తుంది. ఒక డాక్టరు ఏళ్ళ తరబడి పనిచేసినా ఇలాంటి కేసులు కొన్నే చూస్తారు. అందుకే మొదట్లో వాంతులకు కడుపు మందులు, చూపుకు కళ్ళజోడు, మెడ వంకరకు నొప్పి మాత్రలు ఇస్తూ వారాలు గడిచిపోతుంటాయి.

బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టి, లక్షణాలు రాసిన చిన్న కార్డులను తల్లిదండ్రులకూ డాక్టర్లకూ పంచారు. అంతకు కొన్నేళ్ళ ముందు అక్కడ మొదటి లక్షణం కనబడినప్పటి నుంచి జబ్బు బయటపడేసరికి 14 వారాలకు పైగా పట్టేది. 2013 నాటికి అది 7 వారాల లోపుకు వచ్చింది. అక్కడ కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఏం చూడాలో ఎక్కువమందికి తెలిసింది, అంతే.

మెదడులో గడ్డ ఉంటే వాంతులు, నడక తేడా లాంటివి ఎందుకు వస్తాయి?

రెండు దారుల్లో వస్తాయి. మొదటిది, గడ్డ ఉన్న చోట మెదడు చేసే పని దెబ్బతినడం. రెండోది తలలో ఒత్తిడి పెరగడం. మెదడు లోపలి గదుల్లో నీరులాంటి ద్రవం ఎప్పుడూ తయారవుతూ, సన్నని దారుల గుండా ప్రవహించి రక్తంలో కలిసిపోతుంది. ఏడాది దాటిన చిన్నపిల్లల్లో ట్యూమర్లు ఎక్కువగా తల వెనక అడుగుభాగంలో, చిన్నమెదడు దగ్గర వస్తాయి. ఆ ద్రవం బయటికి వెళ్ళే దారి కూడా అక్కడే ఉంది. గడ్డ ఆ దారికి అడ్డం పడితే నీరు వెనక్కి నిలిచి, మెదడు గదులు ఉబ్బి, ఒత్తిడి పెరుగుతుంది. పొద్దుటి తలనొప్పి, వాంతులు, మగతకు కారణం చాలాసార్లు ఇదే. శరీరాన్ని తూలకుండా నిలబెట్టేది చిన్నమెదడు కాబట్టి నడక కూడా మారుతుంది.

బిడ్డ రోజూ పొద్దున్నే వాంతి చేసుకుంటోంది. ఇది గ్యాస్ సమస్యా, ఇంకేమైనానా?

కడుపు ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా విరేచనాలో, జ్వరమో, కడుపునొప్పో తోడుంటాయి. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ట్యూమర్ వల్ల వచ్చే వాంతుల తీరు వేరుగా ఉంటుంది. నిద్ర లేచిన వెంటనే, ఏమీ తినకముందే వాంతి అవుతుంది. విరేచనాలు ఉండవు, జ్వరం ఉండదు. వాంతి అయ్యాక కాసేపటికి బిడ్డ తేరుకుని మామూలుగా ఆడుకుంటుంది కూడా. దాంతో "బడికి వెళ్ళడం ఇష్టం లేక చేస్తోంది" అనుకునే ప్రమాదం ఉంది.

పొద్దున్నే ఎందుకంటే, రాత్రంతా పడుకుని ఉండటం వల్ల, నిద్రలో ఊపిరి నెమ్మదించడం వల్ల తలలో ఒత్తిడి కొంత పెరుగుతుంది. లేచి కూర్చున్నాక తగ్గుతుంది. అలాగని పొద్దున కాకుండా వేరే వేళ అయ్యే వాంతులన్నీ ఫరవాలేదని కాదు. చిన్నపిల్లల్లో వేళాపాళా లేకుండా కూడా రావచ్చు.

కారణం తెలియని వాంతులు 2 వారాలు దాటి కొనసాగుతుంటే, కడుపు మందు మార్చి చూడటంతో సరిపెట్టకూడదు. నడక, కళ్ళు, తల పరిమాణం చూసి, నరాల పరీక్ష చేయమని డాక్టరును అడగండి. వాంతులతో పాటు తలనొప్పి గానీ, తూలడం గానీ, మెల్లకన్ను గానీ ఉంటే రెండు వారాలు ఆగే పని లేదు, ఆ రోజే చూపించాలి.

మా పాపకు రెండేళ్ళే. తలనొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆ వయసులో పిల్లలు "తల నొస్తోంది" అని చెప్పరు. తల పట్టుకుంటారు, నుదురు నేలకో మంచానికో ఆనిస్తారు, ఎత్తుకున్నా ఊరుకోరు. వెలుతురు చూడలేక మొహం తిప్పేస్తారు. ఆట మధ్యలో ఉన్నట్టుండి పడుకుండిపోతారు. తల తడిమితే ఏడుస్తారు. పక్కమీద పడుకోబెట్టగానే ఏడ్చి, నిటారుగా ఎత్తుకుంటే కాస్త ఊరట పడే బిడ్డ సంగతి తప్పకుండా డాక్టరుకు చెప్పండి.

కాస్త పెద్ద పిల్లల విషయంలో, నిద్రలోంచి లేపేసే తలనొప్పి, లేవగానే ఉండే తలనొప్పి, దగ్గినా వంగినా ముక్కినా ఎక్కువయ్యే తలనొప్పి, రోజురోజుకూ తీరు మారుతున్న తలనొప్పి పట్టించుకోవాల్సినవి. 4 వారాలకు మించి సాగే ఏ తలనొప్పినైనా చూపించాలి. నాలుగేళ్ళ లోపు బిడ్డ పదేపదే తల నొస్తోందని చెబితే, ఆ వయసులో అది మామూలు ఫిర్యాదు కాదు కాబట్టి ముందే వెళ్ళండి. మైగ్రేన్ పిల్లలకూ వస్తుంది, అందులోనూ వాంతులుంటాయి. కానీ మైగ్రేన్ ఉన్న బిడ్డ నొప్పి లేని రోజుల్లో పూర్తిగా మామూలుగా ఉంటుంది. నడక, చూపు, చేతిపట్టు దెబ్బతినవు.

ఏడాది లోపు చంటిబిడ్డల్లో ఏం చూడాలి?

ఇదే అన్నిటికంటే కష్టమైన వయసు. చంటిబిడ్డల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే తలే పెద్దదవుతుంది. అందువల్ల పెద్ద పిల్లల్లో తొందరగా కనబడే తలనొప్పి, వాంతులు వీళ్ళలో ఆలస్యంగా రావచ్చు. కంటి వెనక నరం వాపు కూడా కనిపించకపోవచ్చు. తల చుట్టుకొలతను ప్రతిసారీ టేపుతో కొలిచి చార్టులో రాయించుకోమని గట్టిగా చెప్పేది అందుకే. పుట్టినప్పుడు తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలల్లో నెలకు దాదాపు 2, తర్వాతి మూడు నెలల్లో నెలకు 1, ఆ తర్వాత ఏడాది నిండేదాకా నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తల పెద్దగా ఉండటం ఒక్కటే జబ్బు కాదు, తండ్రిదో తల్లిదో పెద్ద తల అయితే బిడ్డదీ అలాగే ఉండవచ్చు. చార్టులో తన గీతను వదిలేసి పై గీతలను దాటుకుంటూ పోతుంటే మాత్రం కారణం వెతకాలి.

మాడు సంగతి కూడా చాలామంది అడుగుతారు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు మాడు ఉబ్బడం సహజం. నిటారుగా కూర్చోబెట్టి, ఏడుపు ఆగాక కూడా ఉబ్బి, బిగిసి ఉంటే అది సహజం కాదు. తలమీద నరాలు పైకి తేలి కనబడటం, నల్లగుడ్లు కిందికి దిగిపోయి వాటి పైన తెల్లగుడ్డు కనిపిస్తుండటం, పాలు తాగకుండా ఆపకుండా సన్నగా ఏడవడం, లేదా ఎప్పుడూ మగతగా ఉండటం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇంకొకటి పెద్దగా ఎవరూ చెప్పరు. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒక్క చేతినే వాడుతుంటే "ఎడమచేతి వాటం" అని మురిసిపోకండి. చేతివాటం అంత తొందరగా తేలదు. రెండో చెయ్యి బలహీనంగా ఉందేమో చూపించండి. బాగానే పాలు తాగుతూ, నవ్వుతూ చలాకీగా ఉన్నా ఒళ్ళు చేయకుండా చిక్కిపోతున్న బిడ్డనూ చూపించాలి. మెదడు మధ్యభాగంలో వచ్చే కొన్ని ట్యూమర్లు అలా బయటపడతాయి.

పిల్లలన్నాక పడతారు కదా. మామూలు తప్పటడుగులకూ దీనికీ తేడా ఏమిటి?

నడక నేర్చుకునే బిడ్డ వారం వారం మెరుగవుతుంది. ట్యూమర్ ఉంటే బాగా నడిచే బిడ్డ వెనక్కి వెళ్తుంది. మెట్లు తనంతట తను ఎక్కే పిల్ల గోడ పట్టుకోవడం మొదలుపెడుతుంది. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంది, ఒకే పక్కకు తూలుతుంది, పరుగెత్తడం మానేసి మళ్ళీ పాకుతుంది, ఎత్తుకోమని మారాం చేస్తుంది. చేతుల్లోనూ తేడా వస్తుంది. గ్లాసు అందుకోబోతే చెయ్యి వణికి పక్కకు పోతుంది, చెంచా నోటికి చేరదు, రాసే పిల్లల చేతిరాత పాడవుతుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడం రాకుండా పోతుంది.

వచ్చిన పని పోవడం ఏ వయసులోనైనా మామూలు విషయం కాదు. నడక, మాట, చేతిపని వీటిలో ఏది వెనక్కి వెళ్ళినా "కొద్దిరోజులు చూద్దాం" అనకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కళ్ళలో కనిపించే గుర్తులేమిటి?

కొత్తగా వచ్చిన మెల్లకన్ను ముఖ్యమైనది. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో కళ్ళు అప్పుడప్పుడు పక్కకు పోవడం సహజం. ఆ తర్వాత, అందులోనూ ఉన్నట్టుండి వస్తే, కళ్ళ డాక్టరుకు చూపించి కంటి వెనక నరాన్ని కూడా పరీక్షించమనాలి. తలలో ఒత్తిడి పెరిగితే ఆ నరం ఉబ్బుతుంది, అది డాక్టరుకు పరికరంతో కనబడుతుంది. కళ్ళజోడు నంబరు చూసి పంపించేస్తే ఆ పరీక్ష జరిగినట్టు కాదు.

కనుగుడ్లు వాటంతటవే అదురుతుండటం, ఒక్కటి రెండుగా కనబడుతోందని చెప్పడం లేదా ఒక కన్ను మూసుకుని చూడటం, టీవీకి బాగా దగ్గరగా వెళ్ళడం, ఒక పక్కనున్న వస్తువులకు తరచూ గుద్దుకోవడం కూడా గమనించాలి. కనుగుడ్లు పైకి తిరగలేక, పైకి చూడాలంటే తలెత్తాల్సి రావడం ఇంకొకటి. కంటిలో తెల్లటి మెరుపు కనబడితే, ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకొకటి తెల్లగా వస్తే, అది మెదడు ట్యూమర్ కాకపోయినా కంటి లోపల వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కావచ్చు. దాన్నీ వెంటనే చూపించాలి.

బాబు తల ఎప్పుడూ ఒక పక్కకు వంచి ఉంచుతున్నాడు. మెడ పట్టేసిందా?

మెడ పట్టేస్తే కొద్దిరోజుల్లో పోతుంది. పోకపోతే రెండు కారణాలు ఆలోచించాలి. ఒక్కటి రెండుగా కనబడుతుంటే పిల్లలు దాన్ని సరిచేసుకోవడానికి తెలియకుండానే తల వంచుతారు. చిన్నమెదడు దగ్గరి గడ్డ కిందికి నొక్కుతున్నా మెడ బిగుస్తుంది. పాత ఫోటోలు తీసి చూడండి. మూడు నెలల కిందటి ఫోటోల్లో తల నిటారుగా ఉండి, ఈమధ్యవాటన్నిటిలో ఒకే పక్కకు వాలి ఉంటే అది డాక్టరుకు చూపించాల్సిన సాక్ష్యం. ఇలాంటి మెడకు కారణం తెలియకుండా మసాజ్ చేయించడం, మెడ విరిపించడం అస్సలు వద్దు.

ప్రవర్తన మారితే కూడా ట్యూమర్ అనుకోవాలా?

మొండితనం, కోపం ఈ వయసులో ఉండేవే. చిన్నపిల్లల్లో చూడాల్సింది ముఖ్యంగా మందకొడితనం. ఇష్టమైన ఆట మీద కూడా ఆసక్తి పోవడం, ఎంత నిద్రపోయినా నిద్రమత్తుగానే ఉండటం, పలకరిస్తే ఆలస్యంగా బదులివ్వడం, మాటలు తగ్గిపోవడం. బిడ్డను రోజూ చూసే అమ్మమ్మో, బడిలో టీచరో "ఈ పిల్ల మునుపటిలా లేదు" అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పరీక్షల్లో ఏమీ కనబడక ముందే ఇంట్లోవాళ్ళకు తేడా తెలుస్తుంది.

జ్వరం లేకుండా ఫిట్స్ వచ్చాయి. ఏం చేయాలి?

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు ప్రమాదం లేనివి. జ్వరం లేకుండా వస్తే కారణం వెతకాలి. అలా వచ్చినవాటిలోనూ ఎక్కువ భాగం ట్యూమర్ వల్ల కాదు. శరీరంలో ఒక పక్కే కొట్టుకోవడం, ఫిట్స్ తర్వాత ఒక చెయ్యీ కాలూ బలహీనపడటం ఉంటే స్కాన్ అవసరం ఎక్కువ. ఫిట్స్ అంటే కొట్టుకోవడమే కాదు, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తుండిపోవడం కూడా కావచ్చు. సంతోషమేమీ లేకుండా పదేపదే తెరలు తెరలుగా నవ్వడం కూడా మెదడు అడుగుభాగంలో ఉండే హైపోథాలమస్‌లోని ఒక రకం గడ్డ వల్ల వచ్చే ఫిట్స్ కావచ్చు.

ఎదుగుదలతో, దాహంతో దీనికి సంబంధమేమిటి?

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ వస్తే హార్మోన్లు తారుమారవుతాయి. ఎత్తు పెరగడం ఆగిపోతుంది. లేదా ఆడపిల్లల్లో 8 ఏళ్ళకు ముందే, మగపిల్లల్లో 9 ఏళ్ళకు ముందే యుక్తవయసు మార్పులు మొదలవుతాయి. కొందరు రాత్రిళ్ళు లేచి మరీ నీళ్ళు తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తారు. అలాంటప్పుడు మొదట షుగర్ పరీక్ష చేయించాలి. అది మామూలుగా ఉండి కూడా దాహం తగ్గకపోతే అక్కడితో ఆపేయకూడదు.

లక్షణాలు కొన్నాళ్ళు వచ్చి, కొన్నాళ్ళు పోతున్నాయి. ట్యూమర్ అయితే తగ్గదు కదా?

తగ్గవచ్చు. తలలో ఒత్తిడి ఒకే తీరుగా ఉండదు, మెదడు కొంతవరకు సర్దుకుంటుంది, చంటిబిడ్డల్లో పుర్రె కొంత చోటిస్తుంది. మెల్లగా పెరిగే గడ్డలు నెలల తరబడి ఇలా దోబూచులాడతాయి. నాలుగు రోజులు బాగుందని డాక్టరు అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోకండి.

డాక్టరు ఏమీ లేదన్నారు, మాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. మళ్ళీ వెళ్తే ఏమనుకుంటారో?

వెళ్ళండి. మొదటిసారి చూసినప్పుడు ఏమీ కనబడకపోవడం డాక్టరు తప్పు కానక్కర్లేదు, ఆ రోజుకు కనబడేది అంతే ఉండవచ్చు. అందుకే మొదటిసారే "ఎన్నాళ్ళలో తగ్గాలి, తగ్గకపోతే ఎప్పుడు రావాలి" అని అడిగి తెలుసుకోండి. రెండోసారి వెళ్ళినప్పుడు "వాంతులు" అని మాత్రమే కాకుండా "మూడు వారాలుగా, విరేచనాలు లేకుండా, లేవగానే వాంతి, ఈ వారం నుంచి తూలుతోంది" అని చెప్పండి. ఏ రోజు ఏమైందో తేదీలతో రాసుకోండి. తూలే నడకను, అదిరే కళ్ళను, ఫిట్స్‌ను ఫోనులో వీడియో తీయండి. చాలా లక్షణాలు డాక్టరు ముందు కనబడవు, ఆ వీడియోతోనే దారి దొరుకుతుంది. బరువు, ఎత్తు, తల కొలతలు రాసిన కార్డు తీసుకెళ్ళండి. కావాలంటే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

సీటీ స్కాన్ మంచిదా, ఎమ్మారైనా?

ట్యూమర్ అనుమానం ఉంటే ఎమ్మారైదే మొదటి స్థానం. అందులో రేడియేషన్ ఉండదు, తల వెనక భాగం స్పష్టంగా కనబడుతుంది. అరగంట నుంచి గంట దాకా కదలకుండా ఉండాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు. దానికి ముందు ఎన్ని గంటలు పాలూ తిండీ ఆపాలో ఆస్పత్రివాళ్ళు చెబుతారు, అది కచ్చితంగా పాటించాలి. సీటీ స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది, రేడియేషన్ ఉంటుంది. బిడ్డ పరిస్థితి ప్రమాదకరంగా ఉన్నప్పుడు రేడియేషన్‌కు జంకి సీటీ వద్దనడం సరికాదు. మాడు మూసుకోని చంటిబిడ్డలకు ముందుగా దానిమీద నుంచి అల్ట్రాసౌండ్ చేసి నీరు నిలిచిందేమో చూడవచ్చు. కానీ అందులో మామూలుగా ఉన్నంత మాత్రాన ట్యూమర్ లేదని తేల్చలేం.

ఇది మేం చేసిన పొరపాటు వల్ల వచ్చిందా? మంచం మీద నుంచి పడింది, ఫోను ఎక్కువ చూసింది...

కాదు. పడటం వల్ల ట్యూమర్ రాదు. తరచుగా జరిగేది దానికి తలకిందులు. ట్యూమర్ వల్ల తూలి పడతారు, లేదా పడినప్పుడు తీసిన స్కాన్‌లో ముందునుంచీ ఉన్నది బయటపడుతుంది. ఫోను వల్ల ట్యూమర్ వస్తుందని రుజువు కాలేదు. అత్యధికుల్లో కారణమే దొరకదు. కొద్దిమందిలో న్యూరోఫైబ్రోమటోసిస్, ట్యూబరస్ స్క్లెరోసిస్ లాంటి జన్యు సమస్యలు ఉంటాయి. ఒంటి మీద పాలకాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే మొదటిదాని గురించి డాక్టరును అడగండి. అది ఉన్న పిల్లలకు కంటి నరం మీద గడ్డ వచ్చే అవకాశముంది కాబట్టి చిన్నప్పటి నుంచే ఏటా కళ్ళ పరీక్ష చేస్తారు.

ట్యూమరే అని తేలితే ఇక ఆశ లేనట్టేనా?

అలా అనుకోకండి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా నెమ్మదిగా పెరిగేది. పూర్తిగా తీసేయగలిగితే చాలాసార్లు ఆపరేషన్‌తోనే సరిపోతుంది. ఆ పిల్లల్లో పదేళ్ళ తర్వాత కూడా 90 శాతానికి పైగా బతికే ఉంటారు. మెడుల్లోబ్లాస్టోమా వేగంగా పెరిగే క్యాన్సర్, అయినా ఆపరేషన్, రేడియేషన్, కీమోతో చాలామంది కోలుకుంటారు. మూడేళ్ళ లోపు పిల్లలకు, ఎదిగే మెదడు దెబ్బతినకుండా, రేడియేషన్‌ను వీలైనంత వాయిదా వేస్తారు. మెదడు కాండంలో వచ్చే డీఐపీజీ అనే రకానికి మాత్రం నయం చేసే చికిత్స ఇంకా లేదు, ఆ నిజం దాచడం సరికాదు. తొందరగా గుర్తించడం అన్ని రకాల్లోనూ ఆయుష్షును మార్చలేదు. కానీ చూపు పోకముందే, స్పృహ తప్పకముందే ఆపరేషన్‌కు వెళ్ళే బిడ్డకూ, ఆ తర్వాత వెళ్ళే బిడ్డకూ మిగిలే జీవితంలో తేడా ఉంటుంది.

రాత్రివేళ అయినా సరే, తెల్లారేదాకా ఆగకూడని గుర్తులేమిటి?

లేపినా సరిగ్గా లేవకపోవడం. విపరీతమైన తలనొప్పితో ఆగని వాంతులు. ఒక కనుపాప పెద్దదిగా, ఇంకొకటి చిన్నదిగా కనబడటం. ఒక పక్క చెయ్యి, కాలు లేదా మొహం పడిపోవడం. ఉన్నట్టుండి చూపు మందగించడం. ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్, లేదా ఫిట్స్ ఆగాక కూడా తెలివి రాకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా, స్కాన్, పిల్లల ఐసీయూ, న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి బయల్దేరండి. అది మరీ దూరమైతే అంబులెన్సుకు ఫోన్ చేసి, దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళండి. వాళ్ళు ఊపిరీ బీపీ నిలబెట్టి, అక్కడినుంచి పంపిస్తారు. మగతగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు, మందు ఏదీ పోయకండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దారిలో ఆస్పత్రికి ఫోన్ చేసి బిడ్డ వయసు, లక్షణాలు, చివరిసారి ఎప్పుడు తిందో చెప్పి ఉంచండి.